పాట ఎవరిది, ఊరేది

వ్యాఖ్యాత: అక్కా, వలసల మీద మీరు పెట్టిన ప్రదర్శన చెన్నై వ్యాసర్పాడి పెద్దావిడ పాటతోనే కదా మొదలయ్యేది. గోడ మీద, ఎవరేం చేశారో చెప్పే పేర్ల పట్టిక మాత్రం రెండోసారి వేయించారట, ఎందుకు?

కళాకారిణి: మొదటిసారి తప్పు చేశాం. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కి, తర్వాత దుకాణాలు జాతీయం చేశాక, ఓడెక్కి మద్రాసు వచ్చేసిన కుటుంబం వాళ్లది. ఆవిడ జోలపాట పాడింది. మధ్యలో కుక్కర్ విజిల్ పడింది, అది తీసెయ్యలేదు. పట్టికలో 'గాత్రం' అని ఆవిడ పేరు వేశాం. తీసుకెళ్లి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చదివి, "పాట నాది కాదమ్మా, మా అత్తది. ఆవిడ పేరెయ్యి. మా ఊరేదీ?" అంది.

వ్యాఖ్యాత: అయ్యో.

కళాకారిణి: ఎదుటి గోడ మీదేమో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి కూలీల్ని తీసుకెళ్లిన ఓడల జాబితా ఉంది. 1860లో చెరకు తోటలకి కూలీల్ని ఎక్కించుకుని ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ వెళ్లింది చూడు, ఆ కాలం నాటివి. మనిషికో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఆఖరికి ఒంటి మీద మచ్చలు కూడా. కూలీల్ని లెక్కేసుకోవడానికి రాసిన గుమాస్తా ఊరు రాశాడు. ఇంటికెళ్లి, కాఫీ తాగి, పాట అడిగి తెచ్చుకున్న మేం రాయలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

వ్యాఖ్యాత: మరి సాఫ్ట్‌వేర్ల పేర్లు?

కళాకారిణి: అవీ ఉన్నాయి. మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది, పేరు వేయాలని దాని లైసెన్సులోనే ఉంది. శబ్దం ఆడాసిటీలో కూర్చాం. అక్షరాలు మండలి ఫాంటు. గోడ మీద పేరు వేయమని దాని లైసెన్సు అడగదు, అయినా వేశాం. 1975లో దేశవిదేశాల తెలుగువాళ్లని పిలిచి హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరది. వలసల మీద పని చేస్తూ ఆ పేరు వదిలేస్తామా?

వ్యాఖ్యాత: ఏఐ వాడారా?

కళాకారిణి: సబ్‌టైటిళ్ల మొదటి ప్రతికి వాడాం. 'ఉళుళుళు హాయి' అన్నచోటల్లా ఖాళీ వదిలేసింది. పెద్దావిడ మనవరాలు మూడు సాయంత్రాలు కూర్చుని దిద్దింది. 'ఏఐ సాయంతో' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఆ పిల్ల కష్టం ఎక్కడికి పోవాలి? అందుకే యంత్రం చేసింది ఒక వరసలో, అమ్మాయి చేసింది ఇంకో వరసలో రాశాం.

వ్యాఖ్యాత: కొత్త పట్టిక పెద్దావిడ చూశారా?

కళాకారిణి: చూసింది. అత్తగారి పేరు మీద వేలు పెట్టి, దీర్ఘం పోయిందే అంది. ఆ రాత్రే మార్చేశాం.