సగం ఆఫీసుకు నెట్ వస్తోంది, సగానికి రావట్లేదు: ప్రిఫిక్స్ ఎక్కడ తప్పింది?

[తెర మీద: రెండు కంప్యూటర్లు, మధ్యలో ఒకటే స్విచ్. ఎడమ దాంట్లో పేజీ తెరుచుకుంది. కుడి దాంట్లో చక్రం తిరుగుతూనే ఉంది.]

నమస్కారం అండీ. సోమవారం పొద్దున తొమ్మిదిన్నర. ఒక ఆఫీసు. శనివారం రాత్రి అక్కడ పాత ఫైర్‌వాల్ (ఆఫీసుకీ ఇంటర్నెట్‌కీ మధ్య కాపలా ఉండే డివైస్) తీసేసి కొత్తది పెట్టాం. ఆదివారం నేనే కూర్చుని నాలుగైదు సిస్టమ్స్‌లో చూసుకున్నాను, అన్నిట్లో నెట్ వచ్చింది. సోమవారం జనం వచ్చి సీట్లలో కూర్చోగానే ఫోన్ మోగింది. రిసెప్షన్‌లో వస్తోంది, అకౌంట్స్‌లో రావట్లేదు. పక్కపక్క టేబుళ్లు. ఒకటే స్విచ్, బయటికి వెళ్లే గుమ్మం లాంటి గేట్‌వే కూడా ఒకటే.

నేను వెళ్లేసరికి కేబుల్ మార్చేశారు, స్విచ్‌లో పోర్ట్ మార్చేశారు, ఇంటర్నెట్ ప్రొవైడర్‌కి కంప్లయింట్ కూడా పెట్టేశారు. గంటన్నర అలాగే గడిచింది. అప్పుడు ఒక కాగితం తీసుకుని, నెట్ వస్తున్నవాళ్ల ఐపీలు ఒకపక్క, రానివాళ్లవి ఇంకోపక్క రాశాం.

[తెర మీద: కాగితం. ఎడమపక్క 22, 35, 80, 117. కుడిపక్క 131, 140, 150, 163.]

చూడండి. అన్నీ 192.168.10తో మొదలయ్యేవే, చివరి నంబరే తేడా. 127 లోపు ఉన్న ప్రతి ఒక్కరికీ వస్తోంది. 128 దాటిన ఒక్కరికీ రావట్లేదు. ఆదివారం నేను టెస్ట్ చేసినవన్నీ కింది నంబర్లే. కేబుల్ చెడిపోతే ఐపీ నంబర్ చూసి చెడిపోదు కదా. ఇలా నంబర్ల మధ్య గీత గీసినట్టు కనిపించిందంటే ఇంకెక్కడా వెతకక్కర్లేదు, ఎవరో ఎక్కడో ప్రిఫిక్స్ తప్పు వేశారు. ఈ వీడియో మొత్తం దాని గురించే.

ముందు ప్రిఫిక్స్ సంగతి గబగబా చూసేద్దాం. అడ్రస్‌లో ముందు నుంచి ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌వో చెప్పేదే ప్రిఫిక్స్. ఐపీవీ4 అడ్రస్ 32 బిట్లు. /24 అంటే మొదటి 24 బిట్లు వీధి పేరు, మిగతా 8 బిట్లు ఇంటి నంబర్. అదే మాస్క్‌గా రాస్తే 255.255.255.0. ఇప్పుడు /24 బదులు /25 పడిందనుకోండి. మాస్క్ 255.255.255.128 అవుతుంది. ఇంటి నంబర్‌లోంచి ఒక బిట్ వీధి పేరులోకి వెళ్లిపోయింది.

[తెర మీద: 35 = 00100011. 150 = 10010110. రెండిట్లోనూ మొదటి బిట్ ఎర్రగా.]

35ని బైనరీలో రాస్తే మొదటి బిట్ సున్నా. 150 రాస్తే మొదటి బిట్ ఒకటి. /24 వేసిన మెషిన్‌కి ఈ ఇద్దరూ ఒకే వీధివాళ్లు. /25 వేసిన మెషిన్‌కి ఇవి రెండు వేరు వేరు వీధులు. 0 నుంచి 127 వరకు ఒకటి, 128 నుంచి 255 వరకు ఇంకొకటి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. చాలామంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా పట్టించుకోని విషయం ఒకటుంది. మాస్క్ ప్యాకెట్‌లో ప్రయాణం చేయదు. ప్యాకెట్ హెడర్‌లో పంపినవాడి అడ్రస్, చేరాల్సినవాడి అడ్రస్ ఉంటాయి. /24 అనో /25 అనో ఎక్కడా రాసి ఉండదు. ప్రతి డివైస్ తన దగ్గరున్న మాస్క్ పెట్టి "వీడు నా వీధివాడా, కాదా" అని సొంతంగా తేల్చుకుంటుంది. ఇద్దరి లెక్కలూ వేరైతే, నీది తప్పు అని ఒకరికొకరు చెప్పుకునే దారే లేదు. అందుకే ఈ తప్పుకి ఎర్రర్ మెసేజ్ రాదు. లింక్ లైటు పచ్చగానే ఉంటుంది, ఇంటర్‌ఫేస్ (కేబుల్ తగిలించే కాలు) అప్ అనే చూపిస్తుంది.

[తెర మీద: 150 నుంచి ఫైర్‌వాల్‌కి ఒక బాణం.]

ఇప్పుడు అకౌంట్స్ సిస్టమ్ 150తో నడుద్దాం. ఆ ఆఫీసులో ఐపీలు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ విడిగా ఉంది, అది అందరికీ /24 సరిగ్గానే ఇస్తోంది. కొత్త ఫైర్‌వాల్ లోపలి కాలు, అంటే అందరి గేట్‌వే, 192.168.10.1. దానికి /25 పడింది.

150 ముందు గేట్‌వే మ్యాక్ అడ్రస్ (కార్డు మీదుండే హార్డ్‌వేర్ నంబర్) కోసం ఏఆర్‌పీ అనే కేక వేస్తుంది: "192.168.10.1 ఎవరు?" ఆ కేక ఫైర్‌వాల్‌కి వినపడుతుంది. కానీ అడుగుతున్నది 150. ఫైర్‌వాల్ లెక్కలో ఈ వైరు మీద 150 అనేవాడు ఉండకూడదు. ఇక్కడ కొన్ని డివైస్‌లు జవాబే ఇవ్వవు. సిస్కో ఐఓఎస్ రౌటర్‌లో ఏఆర్‌పీ డీబగ్ ఆన్ చేసి చూస్తే, ఫిల్టర్ చేశానంటూ పక్కనే "రాంగ్ కేబుల్" అని రాస్తుంది. ఆ మాట చదివి నిజంగానే కేబుల్ మార్చినవాళ్లున్నారు. అది కేబుల్ గురించి కాదండీ, ఈ ఐపీ ఈ ఇంటర్‌ఫేస్‌ది కాదని దాని భావం.

కొన్ని జవాబిస్తాయి. అప్పుడు 150 ప్యాకెట్ ఫైర్‌వాల్ దాకా వస్తుంది. ఫైర్‌వాల్‌లో రివర్స్ పాత్ చెక్ ఆన్‌లో ఉంటే "150కి దారి బయటివైపు కదా, లోపల్నుంచి ఎలా వచ్చావు" అని అక్కడే పడేస్తుంది. ఆ చెక్ లేకపోతే ప్యాకెట్ బయటికి వెళ్తుంది, జవాబు కూడా తిరిగొస్తుంది. ఆ జవాబుని ఎటు పంపాలో చూస్తే, ఏ అడ్రస్‌కి ఎటు దారి అని రాసుకునే రూటింగ్ టేబుల్‌లో లోపలివైపు 192.168.10.0/25 మాత్రమే ఉంది. 150 అందులో పడదు. ఇక మిగిలింది డిఫాల్ట్ రూట్, అంటే ఇంకేదీ సరిపోనప్పుడు వాడే దారి. ఇంటి గుమ్మం దాకా వచ్చిన ఉత్తరాన్ని మళ్లీ ప్రొవైడర్ వైపు పంపేస్తుంది.

ఒకటే తప్పు, డివైస్‌ని బట్టి మూడు రకాలుగా కనిపిస్తుంది. గూగుల్‌లో లక్షణం టైప్ చేసి వెతికితే మూడు రకాల సలహాలు దొరికేది అందుకే. లక్షణం వెంట పడకండి, మాస్క్ చూడండి.

[తెర మీద: టెర్మినల్.]

ఎలా చూడాలి? విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే సబ్‌నెట్ మాస్క్ అనే వరుస ఉంటుంది, అది ఒక్కటి చాలు. ఇక రౌటర్‌లో. మనందరి వేళ్లకీ అలవాటైన కమాండ్ "షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్". సిస్కోలో అది ఐపీ చూపిస్తుంది, అప్ డౌన్ చూపిస్తుంది. మాస్క్ చూపించదు. మళ్లీ చెప్తున్నాను, మాస్క్ చూపించదు. శనివారం రాత్రి పాత డివైస్‌లోంచి ఐపీలు నోట్ చేసుకోవడానికి నేను వాడింది ఆ కమాండే. మాస్క్‌లు కాన్ఫిగ్‌లోంచి తర్వాత ఎక్కించుకుందాం అనుకుని, ఒక ఇంటర్‌ఫేస్ మాస్క్ ఇంకో ఇంటర్‌ఫేస్ పక్కన రాసేశాను. తప్పు అక్కడ పుట్టింది.

వాడాల్సింది "షో ఐపీ రూట్ కనెక్టెడ్". అందులో ప్రతి ఇంటర్‌ఫేస్ నెట్‌వర్క్ /24, /25తో సహా కనిపిస్తుంది. ఆ తర్వాత ఇబ్బంది పడుతున్న ఐపీనే నేరుగా అడగండి: "షో ఐపీ రూట్ 192.168.10.150". లైనక్స్ మీద నడిచే ఫైర్‌వాల్ అయితే "ఐపీ రూట్ గెట్ 192.168.10.150". జవాబులో లోపలి ఇంటర్‌ఫేస్ రావాలి. బయటి ఇంటర్‌ఫేస్ వచ్చినా, సిస్కోలో అయితే టేబుల్‌లో లేదని వచ్చినా, దొంగ దొరికినట్టే.

[తెర మీద: బాణాలు తిరగేసి.]

దీనికి తిరగేసిన కేసు ఇంకా బాధపెడుతుంది. గేట్‌వేకి /24 సరిగ్గానే ఉంది, కానీ ఒక పీసీకి ఎవరో చేత్తో /25 వేశారు. ఆ పీసీ ఐపీ 20. ఆఫీసులో ఫైల్ సర్వర్ 150. 20 నుంచి 150కి పింగ్ చేస్తే జవాబు వస్తుంది. ఫోల్డర్ తెరవబోతే తెరుచుకోదు. పింగ్ వస్తోందంటే నెట్‌వర్క్ బాగున్నట్టే అని సర్వర్ వాళ్ల మీద పడతారు. పాపం వాళ్ల తప్పేం లేదు.

జరిగేది ఇది. 20కి 150 వేరే వీధివాడు, అందుకని ప్యాకెట్‌ని ఫైర్‌వాల్‌కి ఇస్తుంది. వచ్చిన వైపే తిరిగి పంపడానికి అనుమతి ఉంటే ఫైర్‌వాల్ దాన్ని 150కి చేరుస్తుంది. 150కి మాత్రం 20 సొంత వీధివాడే, కాబట్టి జవాబు నేరుగా ఇచ్చేస్తుంది, ఫైర్‌వాల్ దగ్గరికి రానే రాదు. పింగ్‌కి ఇది చాలు. టీసీపీకి చాలదు. టీసీపీ కనెక్షన్ మొదట సిన్, దానికి జవాబుగా సిన్-యాక్, చివర యాక్ అని మూడు మాటలతో కుదురుతుంది. ఫైర్‌వాల్ సిన్ చూసింది, సిన్-యాక్ చూడలేదు. తర్వాత 20 నుంచి యాక్ వచ్చేసరికి "మధ్య మాట నేను వినలేదు, ఈ కనెక్షన్ నాకు తెలీదు" అని పడేస్తుంది. పింగ్ వచ్చి పేజీ రాకపోతే, ఫైర్‌వాల్ పాలసీలు తవ్వే ముందు రెండు చివర్లా మాస్క్ ఒకటేనా చూడండి.

[తెర మీద: పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గళ్ల బల్ల.]

ఇప్పుడు రూటింగ్ టేబుల్‌లో ప్రిఫిక్స్ సంగతి. మన పిన్ కోడ్ 1972 నుంచి ఉంది. 53 అంటే కోస్తా వైపు, 533 అంటే రాజమండ్రి, కాకినాడ, అమలాపురం వైపు. ఉత్తరాలు వేరుచేసేవారి ముందు "53" అనే సంచి, "533" అనే సంచి రెండూ ఉంటే, 533201 ఉత్తరం ఎందులో వేస్తారు? ఎక్కువ అంకెలు కలిసిన దాంట్లోనే. రౌటర్ చేసేదీ అంతే. ఎన్ని రూట్లు సరిపోయినా, పొడవైన ప్రిఫిక్స్‌దే గెలుపు. అది నేరుగా తగిలించిన నెట్‌వర్కా, ఎవరో చేత్తో రాసిన స్టాటిక్ రూటా అన్నది ముందు చూడదు.

అందుకే, ఇంటర్‌ఫేస్‌కి /24 సరిగ్గా ఉన్నా, ఎప్పుడో రాసి మర్చిపోయిన 192.168.10.128/25 అనే స్టాటిక్ రూట్ ఒక్కటి మిగిలితే చాలు, మళ్లీ సగం ఆఫీసు పోతుంది.

ఇదే సూత్రం ప్రపంచం మొత్తానికి ఎలా తగిలిందో 2008లో చూశాం. ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపడానికి 208.65.153.0/24 అనే రూట్ పెట్టింది. అది లోపలే ఉండాల్సింది, పైనుంచి దానికి ఇంటర్నెట్ అందించే పీసీసీడబ్ల్యూ నెట్‌వర్క్‌కి పాకింది, అక్కడి నుంచి ప్రపంచానికి. యూట్యూబ్ తనవైపు నుంచి చెప్తున్నది 208.65.152.0/22. /22 కన్నా /24 పొడవు. అంతే, చాలాచోట్ల నుంచి యూట్యూబ్‌కి వెళ్లాల్సిన ట్రాఫిక్ పాకిస్తాన్ దారి పట్టింది. మన టైములో అప్పటికి రాత్రి 12:17. దాదాపు గంటా ఇరవై నిమిషాల తర్వాత యూట్యూబ్ కూడా /24 ప్రకటించింది, ఇంకో పదకొండు నిమిషాలకి దాన్నే రెండు /25లుగా చీల్చి ప్రకటించింది, ఇంకా పొడవు అన్నమాట. తెల్లవారుజామున 2:31కి పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు రూట్లు తీసేశాకగానీ గొడవ సద్దుమణగలేదు. కస్టమర్ నుంచి ఏ ప్రిఫిక్స్‌లు తీసుకోవాలో పైవాళ్లు ఫిల్టర్ పెట్టి ఉంటే అది అక్కడే ఆగేది.

ఆ ఫిల్టర్ రాసేటప్పుడు ఒక మెలిక. సిస్కో ప్రిఫిక్స్ లిస్ట్‌లో 10.0.0.0/8 అని మాత్రమే రాస్తే, లోపలున్న అన్నీ వస్తాయని అనుకుంటాం. రావు. సరిగ్గా /8 ఒక్కటే వస్తుంది. లోపలి /24ల దాకా కావాలంటే చివర "ఎల్‌ఈ 24" అని రాయాలి.

[తెర మీద: రెండు టెర్మినళ్లు పక్కపక్కన.]

రౌటర్, ఫైర్‌వాల్ రెండూ చూసుకునేవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. సిస్కో ఐఓఎస్ రౌటర్ యాక్సెస్ లిస్ట్‌లో (ఎవరిని వెళ్లనివ్వాలో రాసే జాబితా) వైల్డ్‌కార్డ్, అంటే తిరగేసిన మాస్క్, రాయాలి: 192.168.10.0 పక్కన 0.0.0.255. అదే కంపెనీ ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో మామూలు మాస్క్ రాయాలి: 255.255.255.0. ఫైర్‌వాల్ చేత్తో రౌటర్‌లో మాస్క్ రాసేస్తే రౌటర్ వద్దనదు, తీసుకుంటుంది. తర్వాత కాన్ఫిగ్ తీసి చూడండి: 0.0.0.0 255.255.255.0 అని కనిపిస్తుంది. మొదటి మూడు భాగాలు ఏవైనా సరే, చివరిది సున్నా అయి ఉండాలి అని దానర్థం. మన పీసీల్లో ఏ ఒక్కటీ అందులో పడదు. మీరు టైప్ చేసినది ఒకటి, కాన్ఫిగ్‌లో కనిపిస్తున్నది ఇంకొకటి అయితే కారణం ఇదే.

రౌటర్లు తమలో తాము దారులు చెప్పుకునే ఓఎస్‌పీఎఫ్ మాత్రం మంచిది, ఈథర్‌నెట్ లాంటి వైర్ల మీద హలో మెసేజ్‌లోనే మాస్క్ పంపుతుంది, తేడా ఉంటే పొత్తే కలవదు, తప్పు వెంటనే బయటపడుతుంది. ఐపీవీ6లో లాన్‌కి (లోపలి నెట్‌వర్క్‌కి) /64 కాకుండా ఇంకేదైనా వేస్తే పీసీలు సొంతంగా అడ్రస్ తయారుచేసుకోలేవు. ప్రొవైడర్ /56 ఇస్తే అందులో 256 లాన్లు పడతాయి, కాబట్టి /64 కన్నా చిన్నగా నరకాల్సిన అవసరమే లేదు.

[తెర మీద: మళ్లీ మొదటి ఆఫీసు.]

సరే, ఆ సోమవారానికి తిరిగి వద్దాం. ఫైర్‌వాల్ ఇంటర్‌ఫేస్ మాస్క్ 255.255.255.0కి మార్చాను. 150 నుంచి గేట్‌వేకి పింగ్ వచ్చింది. నెట్ మాత్రం రాలేదు. అకౌంట్స్ మేడమ్ "సార్, ఇంకా తిరుగుతూనే ఉందండీ" అన్నారు.

ఫైర్‌వాల్ బయటి ఇంటర్‌ఫేస్ మీద ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాను. 35 నుంచి వెళ్తున్న ప్యాకెట్లు ఆఫీసు పబ్లిక్ ఐపీతో వెళ్తున్నాయి. 150వి మాత్రం 192.168.10.150 అనే ప్రైవేట్ అడ్రస్‌తోనే బయటికి వెళ్తున్నాయి. ఆ అడ్రస్‌కి ఇంటర్నెట్‌లో జవాబు తిరిగి రాదు. అంటే ప్రైవేట్ అడ్రస్‌ని పబ్లిక్ ఐపీగా మార్చే న్యాట్ రూల్‌లో వాడిన అడ్రస్ ఆబ్జెక్ట్ (పేరు పెట్టి దాచుకున్న అడ్రస్ వరుస) కూడా /25తోనే ఉంది. ఇంటర్‌ఫేస్ మారిస్తే ఆబ్జెక్ట్ తనంతట తాను మారదు.

అప్పుడు కాన్ఫిగ్ మొత్తం టెక్స్ట్‌గా దించి 255.255.255.128 కోసం వెతికాను. మూడు చోట్ల దొరికింది. న్యాట్ ఆబ్జెక్ట్ మార్చాను. వీపీఎన్ పాలసీలో లోపలి నెట్‌వర్క్‌గా రాసినది మార్చాను, అది ఇంకా ఎవరూ ఫోన్ చేయని సమస్య, సాయంత్రం బ్రాంచి వాళ్లు కనెక్ట్ అయ్యాక తెలిసేది. మేడమ్ స్క్రీన్ మీద పేజీ తెరుచుకుంది. మూడోది సీసీటీవీ కెమెరాల ఇంటర్‌ఫేస్‌ది. శనివారం రాత్రి నేను పక్క వరుసలో రాసేసిన మాస్క్ దాందే. దానికి /25 సరైనదే, దాన్ని అలాగే ఉంచాను.