తగవు తీర్చుకునే స్పానిష్

మిత్రులారా, నమస్కారం.

స్పానిష్ క్లాసులో ముందుగా దారి అడగడం, భోజనం చెప్పడం నేర్పుతారు. అవి త్వరగానే వచ్చేస్తాయి. ఎదుటి మనిషితో మాట తేడా వచ్చినప్పుడు ఏమనాలో మాత్రం ఎంత చదివినా చాలామందికి నోరు పెగలదు. ఈ రోజు ఆ మాటల గురించే చెబుతాను. ఉదాహరణలు కొలంబియావి. యాభై ఏళ్లకు పైగా సాగిన అంతర్యుద్ధాన్ని ఆపడానికి రెండు పక్షాలూ ఈ భాషలోనే బల్ల దగ్గర కూర్చున్నాయి.

2012 ఆగస్టులో కొలంబియా ప్రభుత్వం, దానితో పోరాడుతున్న ఫార్క్ గెరిల్లాలు క్యూబా రాజధాని హవానాలో చర్చల నియమాలు రాసుకున్నారు. అందులో ఒకటి: "నాదా ఎస్తా అకొర్దాదో ఆస్తా కే తోదో ఎస్తే అకొర్దాదో." అన్నీ ఒప్పుకునేదాకా ఏదీ ఒప్పుకున్నట్టు కాదు. మొదట 'ఎస్తా', తర్వాత 'ఎస్తే'. రెండోది ఇంకా జరగని దాని గురించి. ఈ క్రియారూపాన్నే సబ్జంక్టివ్ అంటారు. దాని పేరు వింటే బెదిరిపోయేవాళ్లు ఈ ఒక్క వాక్యం కంఠతా పట్టండి.

ఆయుధాల దగ్గర ఇంకా పెద్ద చిక్కు. 'ఎంత్రేగా దె ఆర్మాస్' అంటే ఆయుధాలు అప్పగించడం. అది ఓడినవాడు గెలిచినవాడికి చేసేది కాబట్టి ఫార్క్ ఆ మాటను ఒప్పుకోలేదు. ఒప్పందంలో 'దెహాసియోన్ దె ఆర్మాస్' అని రాశారు, అంటే విడిచిపెట్టడం. వాటిని తీసుకున్నది కూడా ప్రభుత్వం కాదు, ఐక్యరాజ్య సమితి బృందం. ఎదుటివాడి పరువు నిలబెట్టే మాట వెతకడం కూడా సంధిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన రోజువారీ తగవులు. "మె దొలియో లో కే దీహో": మీరన్నది నాకు బాధ కలిగించింది. చూశారా, 'నాకు' అనే మొదలవుతుంది. ఇంగ్లీషు మీదుగా వెళ్లకుండా తెలుగులోంచి నేరుగా అందుకోండి, మనకు సులువు. "ఎంతియెందో, పెరో నో ఎస్తోయ్ దె అకుఎర్దో": అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. ముందు 'ఎంతియెందో' తప్పకుండా అనండి. 'ఉస్తెద్' అంటే మర్యాదగా 'మీరు'. కొలంబియా రాజధాని బొగొతాలో అయినవాళ్ల మధ్య కూడా అది వినిపిస్తుంది. అక్కడ దాన్ని దూరం పెట్టడంగా తీసుకోకండి. కొత్తవారితో తగవు వస్తే మాత్రం 'ఉస్తెద్' వదలకండి.

మళ్లీ ఆ శాంతి ఒప్పందం దగ్గరికి వద్దాం. 2016 అక్టోబరు 2న దాని మీద జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 'నో', అంటే వద్దనే పక్షం అర శాతం కూడా లేని తేడాతో గెలిచింది. నాలుగేళ్ల శ్రమ ఆగిపోయిందనుకున్నారు. వ్యతిరేకించినవాళ్లతో కూడా మాట్లాడి, ఒప్పందాన్ని సవరించి, నవంబరు 24న బొగొతాలోని కొలోన్ థియేటర్‌లో మళ్లీ సంతకాలు చేశారు. అలాంటి చోట పనికొచ్చే మాట "వొల్వామోస్ ఆ అబ్లార్", మళ్లీ మాట్లాడుకుందాం.

ఇప్పుడు ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు ఇంటి యజమాని, ఒకరు అద్దెకున్నవారు. అడ్వాన్సు తిరిగి రాలేదు. 'ఉస్తెద్'తో మొదలుపెట్టండి.