మరిచిపోతూనే గుర్తుంచుకునే చిప్పు

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్‌లో తెలుగులో 'అ' అని ఒక్క అక్షరం టైప్ చేశారనుకోండి. అక్షరాలను బిట్లుగా మార్చడానికి ఇప్పుడు అందరూ వాడుతున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ ఒక్క అక్షరానికి 24 బిట్లు పడతాయి. బిట్ అంటే ఒకటో, సున్నానో. 'అ'లో 9 ఒకట్లు, 15 సున్నాలు ఉంటాయి. మరి చిప్పులో ఇవి ఏ రూపంలో ఉంటాయి?

కంప్యూటర్ పని చేస్తున్నంతసేపు సమాచారాన్ని ఉంచుకునే మెమరీ ర్యామ్. అందులో ప్రతి బిట్‌కూ సెల్ అనే ఒక చిన్న గది ఉంటుంది. అందులో ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. కెపాసిటర్ విద్యుత్ ఛార్జ్‌ను నింపి ఉంచుకునేది. అందులో కాస్త ఛార్జ్ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ట్రాన్సిస్టర్ స్విచ్‌లా పనిచేస్తుంది. ఈ ఆలోచన 1966లో ఐబీఎంలో పనిచేస్తున్న రాబర్ట్ డెనార్డ్‌ది. అప్పట్లో మెమరీ చిప్పుల్లో ఒక్కో బిట్‌కు ఆరు ట్రాన్సిస్టర్లు వాడేవారు. ఒక్కటి చాలని చూపించి, 1968లో పేటెంట్ పొందాడాయన.

అయితే ఒక చిక్కుంది. ఈ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది, నింపిన ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. పైగా సెల్‌ను చదవాలని స్విచ్ వేస్తే ఉన్న ఆ కాస్త ఛార్జ్ కూడా తీగలోకి పోతుంది. అంటే చదవడమే చెరిపేయడం! అందుకే ప్రతి తీగ చివరా సెన్స్ యాంప్లిఫయర్ అనే సర్క్యూట్ కాపలా ఉంటుంది. వచ్చిన ఆ అతి చిన్న తేడాను పసిగట్టి, అది ఒకటో సున్నానో తేల్చి, వెంటనే తిరిగి అదే సెల్‌లో రాసేస్తుంది. ఎవరూ అడగకపోయినా, వరుస వెంట వరుసగా, మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి చిప్పంతా ఇలా చదివి మళ్లీ రాస్తారు. దీన్నే రిఫ్రెష్ అంటారు. అంటే నేను ఈ ఒక్క వాక్యం చెప్పేలోపు మీ 'అ' ఎన్నో సార్లు మళ్లీ రాయబడింది. కరెంటు పోతే ఆ పని ఆగిపోతుంది, సేవ్ చేయని ఉత్తరం పోతుంది. ఇంత నిలకడలేని వస్తువుతో ఇంత నమ్మకమైన యంత్రాన్ని కట్టగలిగారు చూడండి, నాకు అదే అబ్బురం.

1970లో ఇంటెల్ కంపెనీ 1103 అనే ర్యామ్ చిప్పును అమ్మకానికి తెచ్చింది. అందులో 1024 బిట్లు. మన 'అ'లు 42 పడతాయి. ఇవాళ 16 గిగాబిట్ల చిప్పులో బిట్లు 1,700 కోట్ల పైమాటే.

మరి ఫోన్ ఆఫ్ చేసినా ఫొటోలు ఎలా ఉంటున్నాయి? అది ఫ్లాష్ మెమరీ, పెన్‌డ్రైవ్‌లో ఉండేదీ ఇదే. 1980లలో జపాన్‌లోని తొషిబాలో ఫుజియో మసువోకా రూపొందించాడు. అందులో ఎలక్ట్రాన్లను చుట్టూ ఇన్సులేటర్ పొర, అంటే కరెంటును పోనివ్వని పొర ఉన్న ఒక ద్వీపంలోకి బలవంతంగా పంపిస్తారు. కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి అక్కడే చిక్కుకుని ఉంటాయి. కానీ రాసి చెరిపిన ప్రతిసారీ ఆ పొర కొద్దికొద్దిగా అరుగుతుంది. అరిగిన పొరలోంచి ఎలక్ట్రాన్లు త్వరగా జారిపోతాయి, వేడి తగిలితే ఇంకా త్వరగా. కాబట్టి పెళ్లి ఫొటోలను బాగా వాడిన పాత పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టి ఉంటే, ఈ వారం ఒకసారి తీసి ఇంకో చోటికి కాపీ చేసుకోండి.