పెద్ద పిల్లలకు పెరట్లో ఏం కట్టించాలి?

[తెర మీద: అనంతపురంలో ఒక ఇంటి పెరడు. మూలన రంగు వెలిసిన ప్లాస్టిక్ జారుడుబల్ల, దాని మీద ఆరేసిన టవళ్లు.]

ఈ జారుడుబల్ల మాదే. మా వాడికి 6 ఏళ్లప్పుడు కొన్నాం. ఇప్పుడు వాడికి 14. గత నాలుగేళ్లలో దీని మీద టవళ్లు తప్ప ఇంకేవీ జారలేదు.

పోయిన వారం గుంతకల్లు నుంచి మా తోడల్లుడు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త ఇంటి వెనక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు జాగా మిగిలింది. అమ్మాయికి 15, అబ్బాయికి 11. ఇద్దరూ ఫోన్లు వదలడం లేదు. ఆన్‌లైన్‌లో ఊయల, జారుడుబల్ల కలిపి ఒక సెట్టు ఉంది, తెప్పించేదా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో, దాని బదులు ఏం చెప్పానో చూపిస్తాను.

[తెర మీద: ఒక అట్టపెట్టె. వేలు పెట్టి చిన్న అక్షరాలు చూపించాలి.]

ముందు పెట్టె మీద బరువు చదవండి. గరిష్ఠ బరువు 50 కిలోలు అని రాసిన ఊయల సెట్లు నేనే చూశాను. 15 ఏళ్ల పిల్ల ఊరికే కూర్చుంటేనే దాదాపు అంతుంటుంది. ఊగడం మొదలుపెడితే లెక్క మారిపోతుంది. ఊయల తాడు నిలువు నుంచి 60 డిగ్రీలు పక్కకు వెళ్లేంత ఎత్తు ఊగితే, అడుగుకు వచ్చేసరికి తాళ్ల మీద పడే లాగుడు మనిషి బరువుకు రెండింతలవుతుంది. తాడు నేలకు సమాంతరంగా లేచేదాకా ఊగితే మూడింతలు. నమ్మకపోతే ఇంట్లో ఇంటర్ ఎంపీసీ చదివే వాళ్లుంటే అడగండి, రెండు నిమిషాల్లో వేసి చూపిస్తారు. 55 కిలోల పిల్ల హుషారుగా ఊగితే దూలం 110 కిలోలు మోయాలి. తమ్ముడు కూడా ఎక్కి వెనక నిలబడ్డాడనుకోండి, ఇక చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో జరిగింది ఇదే. పేరు చెప్పను కానీ, సన్నని పైపుల స్టాండు ఒకటి కొన్నాం. నేలలో పాతకుండా బండల మీద నిలబెట్టాం. తప్పు సగం మాదే. మా వాడు, పక్కింటి వాడు కలిసి ఊగితే వెనక కాళ్లు పైకి లేచాయి. మోకాలు చీరుకుపోవడంతో సరిపోయింది.

ఐఎస్ఐ మార్కు ఉంది కదా అంటారేమో. మన దేశంలో ఆట బొమ్మలకు ఆ మార్కు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. ఇళ్లలో పెట్టుకునే ఊయలలు, జారుడుబల్లల కోసం ఐఎస్ 9873 అనే భారతీయ ప్రమాణంలో 4వ భాగం ప్రత్యేకంగా ఉంది. చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ మార్కు లేకుండా కొనొద్దు. కానీ ఆ నిబంధన 14 ఏళ్ల లోపు పిల్లల ఆట వస్తువులకు. మీ అమ్మాయి ఆ గీత దాటేసింది. మీసాలు వస్తున్న వాడికి, ఓణీ వేసుకునే పిల్లకు మీరు పెట్టించేది బొమ్మ కిందికి రాదు, చిన్న కట్టడం కిందికి వస్తుంది. అందుకే బొమ్మల షాపుకు వెళ్లకుండా వీధి చివరి వెల్డింగ్ షాపుకు వెళ్లమన్నాను.

[తెర మీద: నేల మీద సుద్దపొడితో గీసిన 30 x 20 అడుగుల పెరడు.]

ఊయలే కావాలంటే జాగా కొలవండి. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ చెప్పే కొలత ఇది: ఊయల వేలాడే దూలం ఎంత ఎత్తుందో, దానికి రెట్టింపు దూరం ముందు ఖాళీ ఉండాలి, మళ్లీ అంతే వెనక ఉండాలి. 7 అడుగుల దూలమైతే ముందు 14, వెనక 14, మొత్తం 28 అడుగులు. మా తోడల్లుడి పెరడు పొడవంతా ఒక్క ఊయలకే పోయింది!

చెట్టుంటే ఆ కథ వేరు. చింతచెట్టు, బాగా ముదిరిన వేపచెట్టు గట్టివి. అయినా పురుగు తొలిచిన కొమ్మకు, ఎండు కొమ్మకు కట్టొద్దు. మునగచెట్టుకు మాత్రం చచ్చినా వద్దు. పొగిడి ముంచడాన్ని మనవాళ్లు మునగచెట్టు ఎక్కించడం అన్నారంటే ఆ కొమ్మ ఎంత పెళుసో అర్థం చేసుకోండి. నైలాన్ తాడు ఎండకు పైపైన పొడి రాలుతోందంటే లోపల కూడా పని అయిపోయినట్టే, మార్చేయండి.

[తెర మీద: రెండు ఎత్తుల్లో ఇనుప బార్. ఎత్తయిన దానికి ఒక అబ్బాయి వేలాడుతున్నాడు.]

నన్నడిగితే ఈ వయసుకు మొదట పెట్టించాల్సింది బార్. పుల్-అప్స్ తీసే బార్. ఊయల మొదటి రోజు ఎలా ఉంటుందో నూరో రోజూ అలాగే ఉంటుంది. బార్ అలా కాదు. మొదట 10 సెకన్లు వేలాడటమే గొప్ప. తర్వాత స్టూలెక్కి పైనుంచి మెల్లగా దిగడం. ఎప్పటికో గడ్డం బార్ దాటుతుంది. ఆ రోజు వాడు మిమ్మల్ని పిలిచి మరీ చూపిస్తాడు. "నాన్నా, నువ్వొకటి తియ్యి చూద్దాం" అని కూడా అంటాడు, దానికి మాత్రం సిద్ధంగా ఉండండి.

కొలతలు చెబుతాను, రాసుకోండి. పట్టుకునే కడ్డీకి 1 అంగుళం జీఐ పైపు, బి క్లాసు. దాని బయటి వ్యాసం 33.7 మిల్లీమీటర్లు, పిల్లల చేతికి సరిగ్గా సరిపోతుంది. అంతకంటే లావైతే వేళ్లు చుట్టుకోవు. పైపు మీద నీలం పట్టీ ఉంటే బి క్లాసు, అంటే మీడియం. పసుపు పట్టీ ఉంటే ఎ క్లాసు, పలచనిది. ఎరుపు సి క్లాసు, మందం ఎక్కువ. షాపులో పసుపుది ఇచ్చి "ఇదే చాలు సార్" అంటారు, ఒప్పుకోకండి. స్తంభాలకు 2 అంగుళాల పైపు. రెండు స్తంభాల మధ్య 4 అడుగులకు మించొద్దు, కడ్డీ వంగుతుంది. మూడు స్తంభాలు పాతితే అక్కకు, తమ్ముడికి రెండు ఎత్తుల్లో రెండు బార్లు వస్తాయి. ఎత్తుకు టేపు కూడా అక్కర్లేదు. పిల్లను నిలబెట్టి చేతులు పైకెత్తమనండి, వేళ్ల కొసలకు నాలుగైదు అంగుళాల పైన గీత పెట్టండి. పెరిగే వయసు కాబట్టి ఇంకో రెండంగుళాలు కలపండి.

వెల్డింగ్ చేసిన చోట పైపు మీది జింక్ పూత కాలిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అతుకులకు మాత్రం జింక్ ప్రైమర్ కొట్టించండి. పట్టుకునే కడ్డీకి పెయింటు వద్దు, చెమట చేతికి జారుతుంది.

[తెర మీద: గుంత తీస్తున్నారు.]

ఇక అసలు విషయం, నేల. పైపు ఎంత గట్టిదైనా గుంత సరిగా లేకపోతే దండగ. మా అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేల అయితే 2 అడుగుల లోతు, అడుగున్నర వెడల్పు గుంత చాలు. నల్లరేగడి అలా కాదు. ఉరవకొండ వైపు, తాడిపత్రి వైపు ఇళ్లు కట్టిన మేస్త్రీలను అడగండి, చెబుతారు. అది ఎండాకాలం నెర్రెలిస్తుంది, వాన పడితే ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు స్తంభం ఏటా ఒక వేలెడు ఒరిగినా ఆశ్చర్యం లేదు. అలాంటి చోట గుంత ఇంకో అడుగు లోతు, వెడల్పు తీయించి, ఆ నల్లమట్టి బయట పారేసి గరుసు నింపి దిమ్మిస కొట్టించాలి. తవ్వే ముందు సెప్టిక్ ట్యాంకు పైపు, బోరు కేబులు ఎటు పోతున్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తల పైకెత్తి కరెంటు తీగలూ చూసుకోండి.

కాంక్రీటు 1:2:4 పాళ్లలో (సిమెంటు, ఇసుక, కంకర) కలిపి పోశాక గోనెసంచి కప్పి వారం రోజులు తడపాలి. మన ఎండకు మధ్యాహ్నానికే ఆరిపోతుంది, పూటపూటా తడపండి. పిల్లలు రెండో రోజే వేలాడతామంటారు. రెండు వారాలు ఆపండి. కాంక్రీటు పైభాగం నేలకంటే కొంచెం ఎత్తుగా, పైపు నుంచి బయటికి వాలుగా పోయించండి. లేకపోతే అక్కడ నీళ్లు నిలిచి, పైపు సరిగ్గా నేల దగ్గరే తుప్పు పట్టి విరుగుతుంది.

బార్ కింద కడప బండలు వద్దు, సిమెంటు గచ్చు వద్దు. బండల మీద నీళ్లు చల్లితే శుభ్రంగా ఉంటుంది, నిజమే. తల తగిలితే? ఇసుక పోయించండి. 9 అంగుళాల మందం వదులు ఇసుక 4 అడుగుల ఎత్తు నుంచి పడే దెబ్బను ఆపగలదని ఇందాక చెప్పిన అమెరికా సంస్థ లెక్క. బార్‌కు వేలాడితే పాదాలు నేలకు జానెడు ఎత్తులోనే ఉంటాయి కాబట్టి అది చాలు. బార్ మీదికెక్కి కూర్చోవడం మాత్రం నిషేధం. వాన పడితే ఇసుక గట్టిపడుతుంది, నెలకోసారి పారతో తిరగెయ్యాలి. పిల్లులు వస్తాయి, రాత్రికి పట్టా కప్పండి. చెనిక్కాయ పొట్టు పరిస్తే సరిపోదా అని మా మామ అడిగాడు. మన జిల్లాలో అది చవకే, కానీ గాలికి లేచిపోతుంది, తడిస్తే నలిగి మెత్తదనం పోతుంది, పైగా చెదలు.

[తెర మీద: గాలికి ఊగుతున్న చెట్లు. దూరంగా రామగిరి కొండల మీద గాలిమరలు.]

గాలంటే గుర్తొచ్చింది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలి మొదలైతే మా దగ్గర షటిల్ ఆడలేం. కాక్ ఇటు కొడితే అటు గోడ దాటుతుంది. పైగా డబుల్స్ కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, ఈ పెరట్లో పట్టదు. టేబుల్ టెన్నిస్ బంతి 2.7 గ్రాములే, అది అసలే ఆగదు. వరండా ఉంటే టీటీ మంచి ఆలోచన. తాడిపత్రి వైపు పాలిష్ బండలు దొరుకుతాయి కాబట్టి 9 అడుగులకు 5 అడుగుల బల్ల బండలతోనే కట్టించుకోవచ్చు, ఎండకూ వానకూ చెక్కలా ఉబ్బదు. బాగా కుదిరిందో లేదో తెలియాలంటే 30 సెంటీమీటర్ల పైనుంచి బంతి వదలండి, బల్ల మీద ఎక్కడ వదిలినా సుమారు 23 సెంటీమీటర్లు లేవాలి. అతుకుల దగ్గర తక్కువ లేస్తే మేస్త్రీని మళ్లీ పిలవాల్సిందే.

బరువైన బంతికి గాలితో పేచీ లేదు. అందుకే బార్ తర్వాత బాస్కెట్‌బాల్ రింగు. పెద్దవాళ్ల ఎత్తు 10 అడుగులు. తమ్ముడికి 11 ఏళ్లే కాబట్టి ఎత్తు మార్చుకునేలా స్తంభానికి రంధ్రాలు పెట్టించండి, బంతి కూడా 7 నంబరు బదులు 5 తీసుకోండి. అక్కకు 6. ఎవరూ అడ్డం రాకుండా నిలబడి బంతి వేసే ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 15 అడుగులు, అంటే ఈ పెరట్లో హాయిగా పడుతుంది. బోర్డు ఉత్తరం గోడకో దక్షిణం గోడకో పెట్టండి, సాయంత్రం ఎండ కళ్లలో పడదు. చక్రాల స్టాండు కొంటే అడుగు డబ్బాలో నీళ్లకు బదులు ఇసుక నింపండి. నీటికంటే బరువు, ఆవిరైపోదు.

క్రికెట్ పిచ్చి ఉన్న వాళ్లకు ఖర్చే లేదు. పాత సాక్సులో బంతి వేసి వేపకొమ్మకు వేలాడదీయండి, గంటలు గంటలు కొడతారు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు మా ఊరి ఆర్డీటీ స్టేడియంలో జరిగాక మా వీధిలో ప్రతి చెట్టుకూ ఒక సాక్సు వేలాడింది.

మీదికెక్కి ఎగిరి గంతులేసే ట్రాంపొలిన్? అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే ఇంటి ట్రాంపొలిన్ వద్దంది. దాని మీద తగిలే దెబ్బల్లో నాలుగింట మూడు వంతులు ఒకరికంటే ఎక్కువ మంది ఎగిరినప్పుడే. మన ఇళ్లలో ఒక్కరే ఎగరడం అనేది ఉంటుందా?

ఇంకో మాట. ఈ పెరడు అబ్బాయి కంటే అమ్మాయికే ఎక్కువ అవసరం. వాడు సైకిలెక్కి గ్రౌండుకు పోతాడు. పిల్ల పెద్దదైందని మనమే ఆమెను గ్రౌండుకు పంపడం మానేస్తాం. గోడలున్న ఈ కాస్త జాగాలో ఆమె చెమట పట్టేదాకా ఆడుకోవాలి. "ఆడపిల్లకు బార్ ఎందుకు?" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు, ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయండి. ఇంకో మూల, నీడలో, స్నేహితురాలితో కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక వేలాడే కుర్చీ పెట్టండి. సాయంత్రం ఇంటికి తూర్పు వైపు నీడ పడుతుంది, దాన్నీ బార్‌నూ అటే పెట్టించండి. లేకపోతే నాలుగింటికి బార్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఇదంతా మా తోడల్లుడికి చెప్పాక ఆ అమ్మాయి ఫోన్ లాక్కుంది. "పెదనాన్నా, బార్ సరే, రింగు సరే. నేను ట్యూషన్ నుంచి వచ్చేసరికి ఏడవుతుంది. లైటు పెట్టించమని నాన్నకు చెప్పు" అంది.

అది నాకు తట్టనే లేదు. లైటు బోర్డు మీద పెట్టొద్దు, పైకి చూసినప్పుడల్లా కళ్లలో పడుతుంది. పక్క గోడకు, 12 అడుగుల పైన, కిందికి వంచి పెట్టించండి. స్విచ్చు వంటింటి దగ్గర కాకుండా పెరటి తలుపు పక్కన.