అడిగిన పిల్లల్ని బయటికి పంపకండి

పాస్టరుగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, పొద్దున్నుంచి పొయ్యిల దగ్గర నిలబడ్డ అక్కచెల్లెళ్ళకు, మైకు పెట్టిన అబ్బాయికి, ఈ ఎండలో పల్లెల నుంచి బస్సులెక్కి వచ్చిన యవనస్థులందరికీ ప్రభువు పేరట వందనాలు. శాలువా కప్పుతామన్నారు. మే నెలలో ఒంగోల్లో శాలువా ఏంటయ్యా అని బతిమాలి మానిపించాను. దాని బదులు మజ్జిగ ఇచ్చారు. అదే గొప్ప సత్కారం.

కరపత్రంలో నా అంశం చూశారుగా: ‘బైబిలుపై నాస్తికుల దాడి, దిమ్మ తిరిగే జవాబులు’. అది నేను పెట్టిన పేరు కాదు. చరిత్ర పాఠాలు చెప్పుకుని రిటైరైన వాణ్ణి, ఎవరి దిమ్మా తిప్పే శక్తి నాకు లేదు. పైగా నాస్తికులు మన ప్రాంతానికి కొత్తా? గోరాగారు 1940లోనే ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది బెజవాడకు మారింది. ఆయన కొడుకు లవణంగారు పెళ్ళాడింది ఎవర్ని? గుర్రం జాషువాగారి అమ్మాయి హేమలతగారిని. జాషువాగారు క్రైస్తవ ఇంట్లో పుట్టినవారు. ఆ లెక్కన వాళ్ళు మనకు వియ్యాలవారు. వియ్యాలవారితో వాదించేటప్పుడు నోరు కొంచెం అదుపులో పెట్టుకోవాలి.

ఒక క్రమంలో చెప్దామని కాగితం రాసుకొచ్చాను. మొదట పురావస్తు ఆధారాలు, తర్వాత చేతివ్రాతలు అని. కానీ ఈ పిల్లల మొహాలు చూస్తుంటే ముందు ఇంకోటి చెప్పాలనిపిస్తోంది.

మా చెల్లెలి కొడుకు ఇంటర్ చదివేటప్పుడు వాళ్ళ ఊరి గుళ్ళో క్రిస్మస్ నాటకం వేశారు. ఏ ఊరన్నది అడక్కండి. వీడిది రోమా సైనికుడి వేషం. అట్ట మీద వెండి కాగితం అంటించిన టోపీ, చేతిలో చుట్టిన కాగితం, నిలబడి కైసరు ఆజ్ఞ చదవాలి. ‘ఇది కురేనియు సిరియ దేశమునకు అధిపతియై యున్నప్పుడు జరిగిన మొదటి ప్రజాసంఖ్య.’ లూకా రెండో అధ్యాయం. కురేనియు ఎలాంటివాడో తెలిస్తే గొంతు బాగా పెట్టొచ్చు కదా అని వాడు ఫోన్లో వెతికాడు. కురేనియు సిరియాకు అధిపతిగా వచ్చి జనాభా లెక్కలు రాయించింది క్రీ.శ. 6లో అని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. హేరోదు రాజు చనిపోయింది, ఎక్కువమంది పండితుల లెక్కలో, క్రీ.పూ. 4లో. మత్తయి చూస్తే యేసు పుట్టేటప్పటికి హేరోదు బతికే ఉన్నాడంటాడు. మధ్యలో పదేళ్ళు ఎక్కడికి పోయాయి?

రిహార్సల్ చేయిస్తున్న పెద్దమనిషిని వీడు అదే అడిగాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? ‘నువ్వు ఈమధ్య ప్రార్థన తగ్గించావు. అనుమానం ఉన్న నోటితో వాక్యం చదవకూడదు’ అన్నాడు. టోపీ తీసి ఇంకో అబ్బాయికి పెట్టాడు. ఆ రాత్రి వాడు మా ఇంటికొచ్చి, ‘కురేనియు గురించి అడిగితే నా ప్రార్థన గురించి మాట్లాడతారేంటి మావయ్యా’ అన్నాడు. ఇప్పుడు వాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారం క్రికెట్ ఆడతాడు. వాణ్ణి ఏ నాస్తికుడు తీసుకుపోయాడు చెప్పండి? నాస్తికుడి మొహం కూడా వాడు చూళ్ళేదు.

ఇంతకీ ఆ ప్రశ్నకు జవాబుందా? పండితులు కొన్ని దారులు చూపించారు. కురేనియుకు ముందు జరిగిన లెక్కలని లూకా ఉద్దేశం అయ్యుండొచ్చని కొందరు, అతనికి అక్కడ అంతకుముందే ఒక పదవి ఉండి ఉండొచ్చని కొందరు, లూకా తేదీ పొరబడ్డాడని ఇంకొందరు. ఏదీ అందరూ ఒప్పుకునేంత గట్టిగా నిలబడలేదు. అది నిజమైన చిక్కే. నిజమైన చిక్కును చిక్కు అని చెప్తే గుడి గోడలేం కూలవు. అదే లూకా అపొస్తలుల కార్యములు పద్దెనిమిదో అధ్యాయంలో కొరింథులో గల్లియోను అధిపతి అంటాడు. గ్రీసులో డెల్ఫీ దగ్గర దొరికిన శాసనంలో ఆ గల్లియోను పేరుంది. దాన్నిబట్టే పౌలు కొరింథులో ఉన్న కాలాన్ని 51, 52 సంవత్సరాల దగ్గర నిలబెట్టగలిగారు. ఆ అబ్బాయికి ఈ రెండు ముక్కలూ చెప్పి టోపీ మళ్ళీ నెత్తిన పెడితే ఎంత బాగుండేది!

ప్రశ్న అడిగినవాణ్ణి తిట్టి పంపిస్తాం కదా, మరి అడగనివాళ్ళకు ఏం పెడుతున్నాం? మీ ఫోన్లు తీయండి. పర్లేదు, తీయండి. యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిన రోజును నాసా కంప్యూటర్ కనిపెట్టిందన్న మెసేజ్ ఎంతమందికి వచ్చింది? అబ్బో, చేతులన్నీ లేచాయి. పాస్టరుగారూ, మీది కూడా! అది 1970ల ముందు నుంచీ తిరుగుతున్న కథ. నాసా వాళ్ళే మాకేం తెలియదని చెప్పారు. అసలు కంప్యూటర్లు పుట్టకముందు, 1890లోనే, టాటెన్ అనే అమెరికా ఆయన ఇలాంటి లెక్క వేసి పుస్తకం అచ్చేశాడు. ఒక్కసారి ఆలోచించండి. రాత్రి మీ గోడ గడియారం కాసేపు ఆగి మళ్ళీ నడిచిందనుకోండి. పక్కన ఇంకో గడియారం లేకపోతే ఎంతసేపు ఆగిందో ఎలా తెలుస్తుంది? ఆ రోజుకు ముందు గ్రహాలు ఎక్కడున్నాయో విడిగా ఎవరైనా రాసిపెట్టి ఉంటే తప్ప, ఏ కంప్యూటరూ ‘తప్పిపోయిన రోజు’ను పట్టుకోలేదు. ఎర్ర సముద్రం అడుగున ఫరో రథ చక్రాలు అన్నదీ అంతే. రాన్ వ్యాట్ అనే ఆయన చెప్పాడు, పురావస్తు శాస్త్రం తెలిసినవాళ్ళు పరీక్షించి అవుననలేదు. వాళ్ళలో బైబిలును నమ్మేవాళ్ళూ ఉన్నారు.

‘మంచికోసమే కదా పంపింది’ అంటారు. ఆ అబద్ధం ఒక్క నిమిషంలో తేలిపోతుంది. తేలిన మర్నాడు మీరు నిజమైన ఆధారం చూపించినా పిల్లవాడు నమ్మడు. సన్హెరీబు యెరూషలేమును ముట్టడించిన కథ రాజుల రెండో గ్రంథంలో ఉంది. ఆ అష్షూరు రాజు సొంతగా రాయించుకున్న మట్టి స్తంభం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. యెరూషలేము రాజు హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానని గొప్పలు చెప్పుకున్నాడు గాని, పట్టణం పట్టుకున్నానని ఎక్కడా అనలేదు. హిజ్కియా కట్టిన బంగారం లెక్క రెండు చోట్లా కలుస్తుంది, వెండి లెక్క తేడా. ఇది క్రీ.పూ. 701 నాటి మాట. ఇంత మంచి సాక్ష్యం చేతిలో ఉండగా నాసా మెసేజులు ఎందుకయ్యా మనకి?

‘బైబిలు మారిపోయింది’ అంటారు కదా, దానికి మనవాళ్ళ జవాబు ఒకటే: ‘పొల్లయినా మారలేదు’. రెండూ తొందరపాటు మాటలే. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో పాత చేతివ్రాత చుట్టలు దొరకడం మొదలైంది. అందులో యెషయా చుట్ట ఒకటి పూర్తిగా ఉంది, ఏడు మీటర్ల పైన పొడవు, క్రీస్తుకు వందేళ్ళకు పైగా ముందుది. ఇప్పుడు యెరూషలేములో ఉంది. దాని ఫోటోలు ఎవరైనా చూడొచ్చు. నలభయ్యో అధ్యాయం ఏడు, ఎనిమిది వచనాల దగ్గర ఆపి చూడండి. ‘గడ్డి యెండును పువ్వు వాడును’ అన్న మాట రెండు వచనాల్లోనూ ఉంది. రాసేవాడి కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి జారింది, మధ్య మాటలు పోయాయి. తర్వాత వేరే చేతివ్రాత ఆ పోయిన మాటల్ని వరస పైన ఇరికించి, చోటు చాలక ఎడమ అంచున నిలువుగా కిందికి దింపింది. మన దేవుని వాక్యము నిత్యము నిలుచును అన్న వచనంలోనే ఇది జరిగింది! నాకైతే ఆ అంచు మీది అక్షరాలు చూస్తే భక్తి పెరిగిందే గాని తగ్గలేదు. మనుషులు రాశారు, తప్పు పోయారు, ఇంకో ప్రతితో పోల్చి దిద్దారు. ఆ చుట్టకూ, వెయ్యేళ్ళ తర్వాతి హెబ్రీ ప్రతులకూ చాలా తేడాలున్నాయి. ఎక్కువ భాగం అక్షర దోషాలు, వర్ణక్రమాలు. కొన్ని మాత్రం అర్థాన్ని తాకేవి. అవి దాచేవి కావు, నేటి అనువాదాల అడుగు వివరణల్లో అచ్చవుతున్నవే.

మార్కు సువార్త చివర కూడా ఇలాంటిదే. మా చిన్నప్పుడు ప్రత్తి చేలలో ఒక ఆసామి ఉండేవాడు, ప్రసంగీకుడు కనబడితే చాలు, ‘మరణకరమైనది తాగినా హాని చేయదని రాసుందిగా, ఇదిగో ఎండ్రిను’ అని పురుగుమందు డబ్బా చూపించేవాడు. మావాళ్ళు కోపంతో ఊగిపోయేవాళ్ళు. నాలుగో శతాబ్దపు రెండు పెద్ద ప్రతుల్లో, సినాయి ప్రతిలో, వాటికన్ ప్రతిలో, మార్కు పదహారో అధ్యాయం ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. ఆ విషం మాట ఉన్నది పద్దెనిమిదో వచనంలో, అంటే ఆ ప్రతుల్లో అది లేనే లేదు. ఈ సంగతి తెలిసి ఉంటే కోపమే అక్కర్లేదు, ఆసామిని కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పేవాళ్ళం.

టైము చూపిస్తున్నారు. ఇంకొంచెం ఓపిక పట్టండయ్యా, ఒంగోల్లో నిలబడి ఇది చెప్పకపోతే పాపం. ‘మీ తాతలు బియ్యం కోసం క్రైస్తవుల్లో కలిశారు’ అంటారు మనల్ని. 1876 నుంచి 78 దాకా ఇక్కడ కరువు. మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని ఇచ్చారు. ఆ రోజుల్లోనే జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆపేశారు. ఆ తర్వాతే 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. దొరగారికి ముందే యెర్రగుంట్ల పేరయ్యగారు ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. కరువు పాత్ర ఏమీ లేదని నేననను. ఆకలికీ, అవమానానికీ, దేవుడికీ మధ్య గోడ కట్టి ఎవరు బతికారు? కానీ సరుకు చూసి మతం మార్చుకున్నారన్నవాళ్ళకు ఈ కాలువ కథ చెప్పండి. అరవకుండా చెప్పండి.

పెద్దలారా, మీతో ఒక మాట. రెండో శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు మన విశ్వాసం మీద ఒక పుస్తకం రాశాడు. మరియమ్మను నిందించాడు, పునరుత్థానాన్ని ఎగతాళి చేశాడు. డెబ్బై ఏళ్ళ తర్వాత ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు దానికి ఎనిమిది సంపుటాల జవాబు రాశాడు. రాసేటప్పుడు సెల్సస్ మాటల్ని వరసగా ఎత్తి రాసి, ఒక్కోదానికి బదులు చెప్పాడు. సెల్సస్ పుస్తకం పోయింది. ఇవాళ అతనేమన్నాడో లోకానికి తెలుస్తున్నది ఒరిజెన్ పుణ్యమే. మన తరపువాడే ప్రత్యర్థి మాటల్ని అంత శ్రద్ధగా భద్రం చేశాడు! మనమేమో మన పిల్లల ప్రశ్నే పూర్తిగా వినం.

పేతురుగారు ‘సాత్వికముతోను భయముతోను’ సమాధానం చెప్పమన్నారు. నేను చెప్పలేని ప్రశ్నలు నాకున్నాయి. ఇశ్రాయేలుకు శత్రువులైన అమాలేకీయుల పసిపిల్లల్ని కూడా చంపమని దేవుడు ఆజ్ఞాపించినట్టు సమూయేలు మొదటి గ్రంథం పదిహేనో అధ్యాయంలో ఉంది. దానికి పండితులు చెప్పిన వివరణలు చదివాను, ఏదీ నా గొంతు దిగలేదు. ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను.

పాస్టరుగారూ, మీతో నిన్న మాట్లాడినట్టే, ఇప్పటి నుంచి ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం గుళ్ళోనే ప్రశ్నల కూటం. పేరు రాయక్కర్లేదు, చీటీ వేస్తే చాలు. చీటీ చూసి ఇది ఎవరి దస్తూరీ అని ఆరా తీయనని పెద్దలందరూ ఇక్కడే మాటివ్వాలి. ఇచ్చారా? గట్టిగా చెప్పండి. సరే. భోజనానికి ఇంకా టైముంది, ఇవాళే మొదలుపెడదాం. అమ్మాయ్, ఇందాక నోవహు ఓడలో జంతువుల గురించి ఏదో అడగబోయి కూర్చున్నావు, లే తల్లీ, మైకు తీసుకో.