యాడ్ నుంచి బిల్లు దాకా: ఏ ప్రకటన అమ్మకం తెచ్చిందో తేల్చడం ఎలా

(బెంగళూరు మారతహళ్లిలో తెలుగు చిరు వ్యాపారుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ దాటుకుని ఇంతమంది వచ్చారంటే యాడ్‌ల ఖర్చు గట్టిగానే తగులుతోందన్నమాట. ఇక్కడ కోచింగ్ సెంటర్లవాళ్లున్నారు, చీరల బొటిక్‌లవాళ్లున్నారు, ఇంటీరియర్స్ చేసేవాళ్లున్నారు. ఉదాహరణ మాత్రం ఇంటీరియర్స్ ఒక్కటే తీసుకుంటాను. ఆర్డరు పెద్దది, కస్టమర్ తేల్చుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. లెక్క తప్పడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ అందులో కనిపిస్తాయి.

రెండు యాడ్‌లు అనుకుందాం. ఒక్కోదానికి 40,000 రూపాయలు పెట్టాం. మొదటిది మాడ్యులర్ కిచెన్ మీద డిస్కౌంట్. 200 లీడ్లు, అంటే ఆసక్తితో నంబరిచ్చినవాళ్లు, వచ్చాయి. రెండోది సర్జాపూర్ రోడ్డులో పని పూర్తయిన ఒక ఫ్లాట్ వీడియో, రేట్లు కూడా చెప్పేసి. 50 లీడ్లే వచ్చాయి. లీడుకు మొదటిదానికి 200 రూపాయలు, రెండోదానికి 800. చాలామంది రెండోదాన్ని ఆపేసేది ఇక్కడే. మూడు నెలలాగి బిల్లుల పుస్తకం తీస్తే మొదటి యాడ్‌కు 2 ఆర్డర్లు, రెండోదానికి 5 అని తేలిందనుకోండి. ఆర్డరుకు 20,000 ఒకటి, 8,000 ఒకటి. డిస్కౌంట్ చూసి నంబరిచ్చినవాళ్లకూ, రేటు చూశాక కూడా నంబరిచ్చినవాళ్లకూ ఉన్న తేడా అది.

ఈ లెక్క తేలాలంటే యాడ్ ఐడీ, అంటే ఒక్కో యాడ్‌కు ఉండే ప్రత్యేక నంబరు, ఆ మనిషి వెంటే బిల్లు దాకా రావాలి. ఎక్కడెక్కడ తెగిపోతుందో చూద్దాం.

మొదట లింకు. క్లిక్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పేందుకు లింకు చివర తగిలించే మాటలే యూటీఎం ట్యాగ్‌లు. ఆ పద్ధతి 2005లో గూగుల్ కొన్న అర్చిన్ అనే కంపెనీది. సోర్స్, మీడియం, క్యాంపెయిన్, టర్మ్, కంటెంట్ అని ఐదు ట్యాగ్‌లు. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు వేరువేరుగా లెక్కపడతాయి. ఒకరు పెద్ద ఎఫ్‌తో ఫేస్‌బుక్ అని, ఇంకొకరు చిన్న ఎఫ్‌తో, మరొకరు ఎఫ్‌బీ అని రాస్తే రిపోర్టులో మూడు వరసలొస్తాయి. అన్నీ చిన్నక్షరాలే అని ఒక నియమం పెట్టుకోండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటాలో యాడ్ స్థాయిలో యూఆర్ఎల్ పారామీటర్ల గడి ఉంటుంది. యాడ్ పేరు, ఐడీ వాటంతటవే లింకులోకి వచ్చేలా అక్కడ పెట్టవచ్చు. పేరు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. మొదటిసారి పబ్లిష్ చేసినప్పుడున్న పేరే లింకులో వెళ్తుంది, తర్వాత మార్చినా పాతదే వస్తుంది. ఐడీతో ఆ బెడద లేదు.

ట్యాగ్ లింకులో ఉంటే చాలదు, ఫారంలోకి దిగాలి. అందుకు ఫారంలో కస్టమర్‌కు కనపడని గడులు పెట్టించాలి. మనిషి దిగేది ఒక పేజీలో, ఫారం ఉండేది ఇంకో పేజీలో అయితే మొదటి పేజీలోనే ట్యాగ్‌లు దాచుకోమని వెబ్‌సైట్ చేసినవారికి చెప్పండి. కొన్ని సైట్లలో రీడైరెక్ట్ జరిగేటప్పుడు, అంటే ఒక పేజీ దానంతటదే ఇంకో పేజీకి మళ్లించేటప్పుడు, లింకులో ప్రశ్నార్థకం తర్వాతి భాగమంతా, అంటే ట్యాగ్‌లన్నీ, రాలిపోతుంది. లైవ్‌లో పెట్టేముందు మీ ఫోన్లోనే యాడ్ ప్రివ్యూ నొక్కి, ఫారం నింపి, ఐడీ మీ లీడ్ల ఎక్సెల్ షీట్లో పడిందో లేదో చూడండి. పది నిమిషాల పని.

మన ఊళ్లో ఇంకో సంగతి ఉంది. ఒకే యాడ్‌ను కన్నడలో, తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో నడుపుతాం. ఆ భాషను కంటెంట్ ట్యాగ్‌లో పెట్టండి, ఫోన్ చేసే అమ్మాయికి అది కనపడేలా చూడండి. తెలుగు యాడ్ చూసి నంబరిచ్చినాయనకు హిందీలో ఫోనొస్తే రెండో మాటకే పెట్టేస్తాడు. మనమేమో యాడ్ బాగాలేదని రాసుకుంటాం.

వాట్సాప్‌లో ఈ ట్యాగ్‌లు పనిచేయవు. క్లిక్ చేస్తే వాట్సాప్ తెరుచుకునే యాడ్‌లకు, ఏపీఐ (వాట్సాప్‌ను సొంత సాఫ్ట్‌వేర్‌కు కలిపే దారి) వాడేవారికైతే మొదటి మెసేజ్‌తోపాటే యాడ్ ఐడీ వస్తుంది. ఫోన్లో మామూలు బిజినెస్ యాప్ వాడేవారికి చాట్ పైన యాడ్ బొమ్మ కనపడుతుంది, అంతే. దాన్ని చూసి చేత్తో షీట్లో ఎక్కించాల్సిందే. మెసేజ్‌లో ముందే ఒక కోడ్ రాసిపెట్టే పద్ధతీ ఉంది గానీ, కొందరు దాన్ని చెరిపేసి 'హాయ్' అని పంపుతారు.

ఇప్పుడు షీటు. ఎక్కువమంది లెక్క చెడేది ఇక్కడే. మెటా యాడ్ ఐడీలు ఇప్పుడు 18 అంకెల దాకా ఉంటున్నాయి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే కచ్చితంగా గుర్తుంచుకుంటుంది. మిగతా మూడూ సున్నాలైపోతాయి. పక్కపక్కన పుట్టిన యాడ్‌లకు చివరి అంకెల్లోనే తేడా ఉండవచ్చు, అప్పుడు రెండు యాడ్‌లు ఒకటైపోతాయి. అతికించకముందే ఆ నిలువు వరుసను ప్లెయిన్ టెక్స్ట్ చేయండి. మెటా లీడ్ ఫారం (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లోనే నింపే ఫారం) నుంచి దించిన ఫైల్లో ఐడీ ముందు ఒకటి రెండు అక్షరాలు, ఒక కోలన్ (:) ఉంటాయి. చెత్త అనుకుని తీసేయకండి. అవి ఉన్నంతసేపు ఎక్సెల్ దాన్ని టెక్స్ట్‌గానే చూస్తుంది. అన్నట్టు, ఆ లీడ్లు మెటాలో 90 రోజులే ఉంటాయి, ఆ తర్వాత దించుకోలేరు.

బిల్లుతో కలపడం ఫోన్ నంబరుతోనే. ఒకచోట ప్లస్ 91, ఒకచోట ముందు సున్నా, ఒకచోట మధ్యలో ఖాళీ ఉంటే కలవదు. కాబట్టి చివరి 10 అంకెలతో పోల్చండి. అయినా కొన్ని మిగులుతాయి. భర్త నంబరుతో ఫారం నింపుతారు, షోరూమ్‌కు భార్య వస్తారు, బిల్లేమో కంపెనీ పేరు మీద జీఎస్టీ నంబరుతో వేయమంటారు. దీనికి సాఫ్ట్‌వేర్ లేదు. కొటేషన్ ఇచ్చేటప్పుడే 'మేడమ్, మొదట ఏ నంబరుతో మాట్లాడారండీ?' అని అడిగి, ఆ నంబరు కొటేషన్ మీద రాయాలి. 'మా గురించి ఎక్కడ చూశారండీ?' అని కూడా అక్కడే అడగండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియో చూసి, వారం తర్వాత గూగుల్‌లో మీ పేరు కొట్టి వచ్చినవాళ్లు రిపోర్టులో గూగుల్ ఖాతాలో పడతారు. వాళ్ల సంగతి ఈ ప్రశ్నతోనే బయటపడుతుంది.

మెటా తన లెక్క చూపించే యాడ్స్ మేనేజర్ మన పుస్తకంతో ఎందుకు కలవదంటే, అక్కడ గడువులున్నాయి. మామూలుగా క్లిక్ చేసిన 7 రోజుల్లోపు, లేదా చూసిన ఒక్క రోజులోపు జరిగిందే దాని లెక్కలోకి వస్తుంది. మూడో నెలలో వచ్చిన అడ్వాన్సు దానికి కనపడదు. గూగుల్ లెక్క గూగుల్‌ది. ఒకే ఆర్డరును ఇద్దరూ మాదే అంటారు. పైగా 2021లో ఐఓఎస్ 14.5 వచ్చాక ఐఫోన్ వాళ్లు ట్రాకింగ్ వద్దంటే ఆ సమాచారం సగం సగమే అందుతుంది. అందుకని నెలవారీ లెక్క అమ్మకం తేదీతో వేయకండి, లీడ్ వచ్చిన నెలతో వేయండి. జనవరి లీడ్ల మీద వచ్చిన ఆర్డర్లు మార్చిలో వచ్చినా జనవరి వరుసలోనే రాయాలి. లేకపోతే మార్చి యాడ్‌కు రాని పేరొస్తుంది, జనవరి యాడ్‌ను అన్యాయంగా ఆపేస్తాం.

చివరి మెట్టు, ఫలితాన్ని మెటాకు తిరిగి పంపడం. మన సిస్టమ్ నుంచి నేరుగా మెటాకు చేరే కన్వర్షన్స్ ఏపీఐతో పంపేటప్పుడు అదే ఈవెంట్ (ఫారం నింపడంలాంటి పని) వెబ్‌సైట్లో పెట్టిన మెటా కోడ్, అంటే పిక్సెల్ నుంచి కూడా వెళ్తుంటే, రెండుచోట్లా ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ ఒకటే ఉండాలి. లేదంటే ఒక లీడ్ రెండుగా లెక్కపడుతుంది. ఫోన్ నంబరును 91తో మొదలుపెట్టి, ప్లస్, ఖాళీలు తీసేసి, అప్పుడు హ్యాష్ చేయాలి, అంటే నంబరు కనపడని కోడ్‌గా మార్చాలి. మీరు వాడే టూల్ తనే హ్యాష్ చేస్తుంటే మళ్లీ మీరు చేయకండి, ఒక్కటీ కలవదు. ఏ మెట్టు పంపాలన్నది ఆలోచించాల్సిన విషయం. యాడ్ సెట్ (ఒకే జనానికి చూపే యాడ్‌ల గుంపు) ఎవరికి చూపాలో నేర్చుకుని కుదురుకోవడానికి వారానికి సుమారు 50 ఈవెంట్లు కావాలని మెటా చెబుతుంది. నెలకు 5 ఆర్డర్లతో అది ఏమీ నేర్చుకోదు. బిల్లుకు వీలైనంత దగ్గరగా ఉండి, సంఖ్య కూడా వచ్చే మెట్టు ఎంచుకోండి: ఫోనెత్తి బడ్జెట్ చెప్పినవాళ్లో, కొలతలకు రమ్మన్నవాళ్లో. హ్యాష్ చేశాం కదా అని అనుమతి అడగడం మానకండి. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో సూటిగా చెప్పమని 2023 డేటా పరిరక్షణ చట్టం అంటుంది, అది ఫారంలోనే రాయండి.

ఇక ఖర్చు వైపు ఒక్క మాట. యాడ్ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేవారికి (కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేవారికి) అది ఖర్చు కాదు. రిజిస్ట్రేషన్ లేని బొటిక్‌వాళ్లకు 40,000 యాడ్ అంటే 47,200. భాగహారం దానితోనే చేయాలి. అడ్వాన్సు ఇచ్చి రద్దు చేసుకున్న ఆర్డర్లను కూడా ఆ లీడ్ నెల వరుసలోంచే తీసేయండి. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవారు షీట్ తెరవండి, మీ ఐడీల చివర సున్నాలున్నాయేమో ముందు చూద్దాం.