చెదల ట్రీట్‌మెంట్‌లో లీటర్ల లెక్క

హోస్ట్: నమస్కారం. తొలకరి పడిందంటే చాలు, సాయంత్రం ట్యూబ్‌లైట్ చుట్టూ ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదలు, ముసురుకుంటాయి. తెల్లారేసరికి గుమ్మం దగ్గర రెక్కలు కుప్పగా పడి ఉంటాయి. ఆ వారమంతా పెస్ట్ కంట్రోల్ వాళ్ళ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఈరోజు మనతో చెదల ట్రీట్‌మెంట్ పనులు చూసుకునే సూపర్‌వైజర్ ఉన్నారు. అన్నా, రెక్కలు కనబడితే ఇంట్లో చెద పట్టినట్టేనా?

సూపర్‌వైజర్: బయటి నుంచి లైటుకు వచ్చినవైతే కంగారు అక్కర్లేదు మేడమ్. తలుపులు, కిటికీలు మూసి ఉండగా లోపలి నుంచే వచ్చాయా అన్నది చూడాలి. స్కర్టింగ్ సందులోంచో, దర్వాజ చౌకట్టు మూలలోంచో, స్విచ్ బోర్డు వెనక నుంచో ఉసిళ్ళు వస్తే గూడు ఇంటి కిందో, ఇంటిని ఆనుకునో ఉన్నట్టు.

హోస్ట్: ఉసిళ్ళు రాకపోతే ఎలా తెలుస్తుంది? మెట్ల కింద, సజ్జ మీద పాత పుస్తకాల డబ్బాలు ఉంటాయి, వాటిని మనం ఏళ్ళ తరబడి కదపం కదా.

సూపర్‌వైజర్: గోడ మీద మట్టి గీత కోసం వెతకాలి. పెన్సిల్ మందంలో, నేల నుంచి పైకి పాకుతూ ఉంటుంది. చెదకు ఎండా గాలీ పడదు, ఒళ్ళు ఆరిపోతే చచ్చిపోతుంది. అందుకే మట్టితో దారి కప్పుకుంటూ పోతుంది. ముందు చూడాల్సింది బాత్రూమ్ గోడకు ఆనించిన వార్డ్‌రోబ్ వెనక భాగం, సింక్ కింది కబోర్డ్, మీటర్ బోర్డు, సంపు మోటారు పెట్టిన మూల. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో చౌకట్టు అడుగు భాగం కొట్టి చూడండి. గట్టి చెక్క మోత వేరు, డొల్ల మోత వేరు. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మట్టి తప్ప ఏమీ ఉండదు.

హోస్ట్: మట్టి గీత కనబడగానే చీపురుతో దులిపేసి, స్ప్రే కొట్టేస్తాం మనం.

సూపర్‌వైజర్: మా పని చెడగొట్టేది అదే. మీరు చంపేది ఆ దారిలో ఉన్న కూలి చెదల్ని మాత్రమే. మిగతావి వెనక్కి తగ్గి ఇంకో సందు వెతుక్కుంటాయి. రెండు వారాలకు మేమొచ్చేసరికి జాడ ఉండదు, ఎక్కడ డ్రిల్ చేయాలో ఊహించుకోవాలి. గీతను ఒక వేలు వెడల్పు మాత్రం తెంపి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో తడి మట్టితో అతుకు పడితే లోపల రాకపోకలు సాగుతున్నట్టే. అతుకు పడకపోతే ఆ దారి వదిలేశాయని అర్థం, గూడు పోయిందని కాదు. ఇంకోటి, చెక్కలోంచి మైదాపిండిలా పొడి రాలుతూ, సూది బెజ్జాలు కనిపిస్తే అది చెద కాదు, కట్టె పురుగు. వుడ్ బోరర్ అంటారు. దానికి నేలలో మందు పోసి లాభం లేదు. ఆ తేడా చూడకుండా కొటేషన్ ఇచ్చేవాళ్ళని నేనైతే ఇంట్లోకి రానివ్వను.

హోస్ట్: కొత్త ఇళ్ళకు కూడా చెద పడుతోంది. హైదరాబాద్ నేలలో ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

సూపర్‌వైజర్: నేల కంటే నేలలో మనం వదిలేసిందే ఎక్కువ. కొంపల్లి, మేడ్చల్ వైపు ఒకప్పుడు ద్రాక్ష తోటలు. చెట్టు కొట్టేస్తారు, వేరు అలాగే ఉంటుంది, దాని మీద ప్లాట్. ఇల్లు కట్టేటప్పుడు సెంట్రింగ్ చెక్క ముక్కలు, సిమెంటు సంచులు బేస్‌మెంట్ ఫిల్లింగ్‌లో కలిసిపోతాయి. బాత్రూమ్ సంకెన్ స్లాబులో, అంటే పైపుల కోసం కిందికి దించి వేసిన స్లాబులో, ఇటుక ముక్కలు నింపుతారు, పైన లీకేజీ ఉంటే అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తిండీ తేమా రెండూ దొరికాక చెదకు ఇంకేం కావాలి?

హోస్ట్: సరే, మందుకు వద్దాం. ఫోన్ చేయగానే ప్రతివాళ్ళూ ఒక బ్రాండ్ పేరు చెప్తారు.

సూపర్‌వైజర్: బ్రాండ్ తర్వాత చూద్దాం, ముందు లీటర్లు అడగండి. పాత ఇళ్ళ ట్రీట్‌మెంట్‌కు మన దేశంలో ప్రమాణం ఉంది, ఐఎస్ 6313 మూడో భాగం. గ్రౌండ్ ఫ్లోర్‌లో గోడా నేలా కలిసేచోట, పగుళ్ళున్నచోట 12 మిల్లీమీటర్ల బెజ్జం, బెజ్జానికీ బెజ్జానికీ 300 మిల్లీమీటర్లు, అంటే సుమారు అడుగు. ఒక్కో దాంట్లో లీటరు దాకా కలిపిన మందు. బయట గోడ చుట్టూ సిమెంటు గచ్చు ఉంటే దానికీ అడుగుకో బెజ్జం, మీటరు పొడవుకు 2.25 లీటర్లు. ఇప్పుడు లెక్క వేయండి. 10 బై 12 గది చుట్టుకొలత 44 అడుగులు. తలుపు మూడడుగులు తీసేస్తే 41 బెజ్జాలు, 41 లీటర్లు.

హోస్ట్: ఒక్క గదికే?

సూపర్‌వైజర్: ఒక్క గదికే. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, హాలు, కిచెన్ కలిపితే తక్కువలో తక్కువ 150 బెజ్జాలు. బయట 30 బై 40 ఇల్లయితే 140 అడుగుల చుట్టుకొలత, దాదాపు 43 మీటర్లు, అంటే 96 లీటర్లు. మొత్తం 246. ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు దాటుతాయి. ఒక మనిషి భుజాన పంపు వేసుకుని వచ్చి, రెండు క్యాన్లతో గంటలో ఇల్లంతా అయిపోయిందంటే నేలలోకి ఏం దిగినట్టు?

హోస్ట్: మరి అంత మందుకు ఖర్చు?

సూపర్‌వైజర్: నీళ్ళే ఎక్కువ మేడమ్. ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ లీటరు నీళ్ళకు 2.1 మిల్లీలీటర్లు. పేరు పక్కనున్న అంకె మందు శాతం, ఎస్‌సీ, ఈసీ లాంటివి మందు ద్రవం రకాలు. 246 లీటర్లకు అరలీటరు చిల్లర మందు. బైఫెంత్రిన్ 2.5 ఈసీ అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ ఒక లీటరుకు 19 లీటర్ల నీళ్ళు. దాని వాసన రోజుల తరబడి పోదు, ఇంటి లోపల నేను వాడను. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్ లాంటి పాత మందులు ఎప్పుడో నిషేధించారు. "పాత కాలపు గట్టి మందు ఉంది" అని ఎవరైనా అంటే వద్దనండి.

హోస్ట్: ఈ మూడింట్లో మీరు దేనికి మొగ్గుతారు?

సూపర్‌వైజర్: మనుషులు ఉంటున్న ఇంటికి ఇమిడాక్లోప్రిడ్, లేదా ఈ మూడింట్లో లేని ఇంకో మందు, ఫిప్రోనిల్. ఇవి ఉన్నట్టు చెదకు తెలియదు. మందు తగిలిన చెద వెంటనే చావదు. గూటికెళ్ళి నోటితో తిండి పంచుతుంది, పక్కదాన్ని నాకుతుంది, అలా మందు లోపలికి పాకుతుంది. బైఫెంత్రిన్ అలా కాదు, దాని జోలికి చెద రాదు, పక్కకు తిరుగుతుంది. ఎక్కడైనా ఒక అడుగు వదిలేశారా, అదే దారి. ఫర్నిచర్ నిండిన ఇంట్లో ఒక్క అడుగు కూడా వదలకుండా చేశామని ఎవరూ చెప్పలేరు. ఒక మాట, పొలాలకు వాడే ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ వేరు. అది చవక అని తెచ్చి పోసేవాళ్ళున్నారు. డబ్బా సీలు మీ ముందే తీయించండి, లేబుల్ మీద 30.5 ఎస్‌సీ అనీ, చెదలకనీ ఉండాలి, గడువు తేదీ చూడాలి.

హోస్ట్: డ్రిల్లింగ్ అంటేనే ఇంటివాళ్ళ గుండె గుభేలుమంటుంది. విట్రిఫైడ్ టైల్స్ పగిలిపోతాయని.

సూపర్‌వైజర్: టైల్ మధ్యలో కాదు, స్కర్టింగ్ అంచున కొట్టాలి. మొదట డ్రిల్‌లో హ్యామర్ ఆపి, మామూలుగా తిప్పుతూ టైల్ దాటించి, తర్వాత హ్యామర్ వేస్తే పగుళ్ళు రావు. అసలు సమస్య లోతు. టైల్, దాని కింద మాలు, దాని కింద కాంక్రీటు, ఇవన్నీ దాటి మట్టి తగలాలంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు పోవాలి. పొట్టి బిట్టుతో రెండంగుళాలు కొట్టి మందు పోస్తే అది తిరిగి పైకే చిమ్ముతుంది. "నేల తాగట్లేదు సార్" అంటారు. నేల దాకా పోతే కదా తాగడానికి! బిట్టు కాంక్రీటు దాటగానే చేతికి తెలుస్తుంది, ఒక్కసారిగా వదులై కిందికి జారుతుంది. ఆ జారుడు లేకపోతే ఇంకా కొట్టాలి. ప్లింత్ బీమ్, అంటే గోడ కింది కాంక్రీటు దూలం, తగిలి గట్టిగా ఆగిపోతే రెండంగుళాలు పక్కకు జరగాలి. పైపులు, వైర్ల పైపు ఎక్కడ పోయాయో ముందే ప్లంబర్‌నో ఎలక్ట్రీషియన్‌నో అడిగి చాక్‌పీసుతో గీయించుకోండి, గీత దగ్గర బెజ్జం వద్దు.

హోస్ట్: షీట్ రాక్, అంటే నేల కింద పరచుకున్న బండ, ఉన్న ఏరియాల్లో లీటరు దిగుతుందా?

సూపర్‌వైజర్: ఒకేసారి దిగదు. పావు లీటరు పోసి, గది చుట్టూ తిరిగి వచ్చి, మళ్ళీ పావు. ప్రెషర్ పెంచి తోస్తే ఏదో పగులు పట్టుకుని పక్కకు పోతుంది. చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు నల్లరేగడిలో ఇంకో గొడవ. ఎండాకాలంలో నేల నెర్రెలు బారి ఉంటుంది, మందు నెర్రెలోంచి లోతుకు పోతుంది, గోడ పక్క మట్టి పొడిగానే మిగులుతుంది. బయట ముందు రోజు కొంచెం నీళ్ళు చల్లాలి. వాన కురిసి నేల నానిపోయినప్పుడు మాత్రం బయటి పని చేయకూడదు, మందుకు చోటుండదు. పని అయ్యాక బెజ్జాలు టైల్ రంగు కలిపిన వైట్ సిమెంటుతో పూడ్చాలి.

హోస్ట్: మన ఇళ్ళలో సంపు గోడ పక్కనే ఉంటుంది. బోరు కూడా.

సూపర్‌వైజర్: అక్కడ నేను కఠినంగా ఉంటాను. సంపును ఆనుకున్న వైపు బెజ్జాలు కొట్టి మందు పంపు చేయకూడదు. సంపు గోడకు సన్నటి పగులుంటే మందు తాగే నీళ్ళలోకి వచ్చేస్తుంది. ఆ వైపు మట్టి తవ్వి బయట టార్పాలిన్ మీద వేసి, మందు కలిపి, ఆరాక తిరిగి నింపుతాం. లేదా అక్కడ బైట్ పెడతాం. నేలలో పది అడుగులకొకటి చొప్పున డబ్బాలు దించితే, అందులోని ఎర తిన్న చెద గూటికి తీసుకెళ్తుంది, ఆ ఎర చెదలు కొత్త చర్మం వేసుకోకుండా ఆపుతుంది. నెలలు పడుతుంది, ఓపిక కావాలి. సంపు మూత మీద ప్లాస్టిక్ కప్పాలి. ఇంట్లో అక్వేరియం ఉంటే బయటికి పంపేయండి, బైఫెంత్రిన్, ఫిప్రోనిల్ చేపలకు చాలా విషం.

హోస్ట్: చెక్కకు ఏం చేస్తారు?

సూపర్‌వైజర్: చౌకట్టు గోడను తాకేచోట 12 మిల్లీమీటర్ల బెజ్జం ఏటవాలుగా, ఒక్కోదానికి అరలీటరు దాకా. తొలిచేసిన చెక్కలోకైతే 3 మిల్లీమీటర్ల బెజ్జాలు, 45 డిగ్రీల వాలు, ఆరంగుళాలకొకటి, సిరంజితో నూనె కలిపిన మందు. నూనెలో కలిపేది కాబట్టి స్టవ్, దీపం, అగరుబత్తి అన్నీ ఆపాలి. స్విచ్ బోర్డులో చెద ఉంటే నీళ్ళ మందు కొట్టొద్దు, ఎంసీబీ దించి పొడి మందు ఊదాలి. డొల్లైపోయిన చౌకట్టును మాత్రం మందు బతికించదు, మార్చుకోవాల్సిందే.

హోస్ట్: మూడో అంతస్తు ఫ్లాట్ వాళ్ళు కూడా గదుల చుట్టూ డ్రిల్ చేయించుకుంటున్నారు.

సూపర్‌వైజర్: దండగ. దాని కింద ఉన్నది స్లాబు, మట్టి ఎక్కడుంది? పైగా బాత్రూమ్ పక్కన కొడితే వాటర్‌ప్రూఫింగ్ పోతుంది, కింది ఫ్లాట్ వాళ్ళతో పంచాయితీ. ఫ్లాట్‌లో చెక్క, గోడ కలిసేచోట్లు, పైపులు పోయే డక్ట్ వైపు సందులు చేయాలి. చెద మాత్రం కింద నుంచే వస్తోంది. స్టిల్ట్ పార్కింగ్‌లో పిల్లర్ల చుట్టూ, డక్ట్ అడుగు, లిఫ్ట్ గుంత పక్క, మీటర్ల గది, వాచ్‌మన్ గది, ఇవి అసోసియేషన్ చేయించాలి. ఒక్క ఫ్లాట్ వాళ్ళు ఎన్నిసార్లు చేయించుకున్నా మళ్ళీ వస్తుంది.

హోస్ట్: కొత్తగా కట్టుకునేవాళ్ళకు?

సూపర్‌వైజర్: పునాది గుంత అడుగుకు చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది పక్కన నింపే మట్టికి నిలువు చదరపు మీటరుకు 7.5, ఫ్లోరింగ్ కాంక్రీటు వేసే ముందు ఫిల్లింగ్ మీద మళ్ళీ 5. మేస్త్రి రేపు కాంక్రీటు అంటే ఈరోజు మందు పడాలి. పడ్డాక ఎవరైనా మట్టి తవ్వితే ఆ చోటు మళ్ళీ చేయాలి.

హోస్ట్: కాంట్రాక్ట్ ఇచ్చేముందు ఇంకేం అడగాలి?

సూపర్‌వైజర్: లైసెన్స్. 1968 ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం, 1971 రూల్స్ కింద పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ళకు లైసెన్స్ తప్పనిసరి. మన రాజేంద్రనగర్‌లోనే మొక్కల ఆరోగ్య యాజమాన్య జాతీయ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం ఈ పనికి ట్రైనింగ్ ఇస్తుంది. బిల్లు మీద మందు పేరు, శాతం, ఎన్ని లీటర్లు పోశారో రాయించుకోండి. వారంటీ కాగితంలో చిన్నక్షరాలు చదవండి. చాలావాటిలో చెద మళ్ళీ వస్తే ఆ చోట మందు కొడతామని ఉంటుంది, పాడైన వార్డ్‌రోబ్‌కు డబ్బులిస్తామని ఉండదు. టైల్స్ మార్చినా, గోడ పక్కన కొత్తగా పైపు కోసం తవ్వినా వారంటీ పోతుంది, ఎందుకంటే మందు పట్టిన మట్టి అక్కడ తెగిపోతుంది. అలాంటి పని పెట్టుకుంటే టైల్ మేస్త్రి నేల మూసేలోపే వాళ్ళకు ఫోన్ చేసి, విప్పిన భాగం వరకు మందు పోయించుకోండి. అప్పుడు డ్రిల్ కూడా అక్కర్లేదు, పని సగం ఖర్చులో అయిపోతుంది.